బార్మ్‌బ్రాక్ మధ్యలో జిగటగా ఉండిపోయింది, ఎక్కడ తప్పు చేశాను?

డబ్లిన్ నుంచి:
అందరికీ నమస్కారం. హాలోవీన్‌కి ఆఫీసుకి ఇంట్లో చేసిన బార్మ్‌బ్రాక్ (ఎండు ద్రాక్ష వేసి చేసే ఐరిష్ తీపి బ్రెడ్) తీసుకెళ్దామని ముందుగా ఒకసారి చేసి చూశాను. పైన మాడింది, లోపల హల్వాలా జిగట, ద్రాక్షంతా అడుక్కి చేరింది. తింటే సబ్బు వాసన కూడా. 375 గ్రాముల ఎండు ద్రాక్షని 450 మి.లీ. టీలో రెండు గంటలు నానబెట్టాను. 225 గ్రాముల క్రీమ్ ఫ్లోర్, చెంచా వంటసోడా, చక్కెర, గుడ్డు కలిపి 200 డిగ్రీల్లో 50 నిమిషాలు ఉంచాను. ఈసారి పిండి ఇంకాస్త వేస్తే సరిపోతుందా?

కార్క్ నుంచి:
పిండి పెంచొద్దమ్మా, రాయిలా తయారవుతుంది. తేడా వచ్చింది టీ దగ్గర. ఇందులో వెన్న వేయం, పాలు పోయం. తడంతా ద్రాక్ష తాగిన టీ నుంచే రావాలి. రెండు గంటల్లో అది తాగేది కొంచెమే, మిగిలిందంతా పిండిని జావ చేసేసింది. జావలో ద్రాక్ష మునిగిపోక ఏం చేస్తుంది? నీ కొలతకి 300 మి.లీ. చాలు. పాలు కలపని చిక్కటి డికాషన్ వేడిగా ఉండగానే ద్రాక్ష మీద పోసి, 125 గ్రాముల బ్రౌన్ షుగర్ కూడా అందులోనే కలిపి, రాత్రంతా మూతపెట్టి ఉంచు. పొద్దునకి ద్రాక్ష ఉబ్బి, అడుగున కాస్త టీ మిగలాలి. దాన్ని వంపెయ్యకు, రుచంతా అందులోనే ఉంటుంది. ఇక్కడి బ్రేక్‌ఫస్ట్ టీ ఘాటుగా ఉంటుంది కాబట్టి డికాషన్ బాగా దిగుతుంది.

ఇక పిండి. ఐర్లండ్‌లో క్రీమ్ ఫ్లోర్ అంటే మామూలు మైదానే, దానంతట అది పొంగదు. నువ్వు కొనాల్సింది సెల్ఫ్ రైజింగ్ ఫ్లోర్, అంటే బేకింగ్ పౌడర్ ముందే కలిపి అమ్మే మైదా. అది వాడితే సోడా అక్కర్లేదు. సోడా పనిచేయాలంటే పులుపు తోడుండాలి. సోడా బ్రెడ్‌లో ఆ పని మజ్జిగ చేస్తుంది. ఇక్కడ సరిపడా పులుపు లేక సోడా మిగిలిపోయి ఆ సబ్బు వాసన వచ్చింది.

200 డిగ్రీలు చాలా ఎక్కువ. మామూలు ఓవెన్‌లో 170, ఫ్యాన్ ఉంటే 150, టైము 60 నుంచి 75 నిమిషాలు. 40 నిమిషాలకే పైన రంగు వచ్చేస్తే ఫాయిల్ కప్పు. పుల్ల గుచ్చితే పిండి అంటకుండా రావాలి. వేడి మీద కోయకు. చల్లారాక కాగితంలో చుట్టి ఒక రోజు వదిలేస్తే తడి అంతటా సమానంగా సర్దుకుంటుంది. మర్నాడు ముక్కకి వెన్న రాసుకుని తిను, అప్పుడే దాని అసలు రుచి.

లిమరిక్ నుంచి:
అక్కా, మా పక్కింటి పెద్దావిడ ఈస్ట్‌తో చేస్తారు. టీతో చేసేది అసలు బార్మ్‌బ్రాక్ కాదంటారు.

కార్క్ నుంచి:
ఆవిడ మాటలో నిజముంది. ఈస్ట్‌తో చేసేదే పాత పద్ధతి, అది బ్రెడ్‌లా పీచుపీచుగా వస్తుంది. టీతో చేసేదాన్ని టీ బ్రాక్ అంటారు, కేక్‌కి దగ్గర. ఐరిష్‌లో బ్రాక్ అంటే చుక్కలు చుక్కలుగా ఉన్నది అని. ద్రాక్ష చుక్కలు రెండింటిలోనూ ఉంటాయి. మొదటిసారి చేసేవాళ్లకి నేను టీ బ్రాకే చెబుతాను, పిండి పిసికే పని లేదు.

హైదరాబాద్ నుంచి:
మేము గుడ్డు తినమండి. ఇక్కడ సెల్ఫ్ రైజింగ్ పిండి దొరకట్లేదు. టూటీ ఫ్రూటీ వేయొచ్చా?

కార్క్ నుంచి:
225 గ్రాముల మైదాకి మూడు టీ స్పూన్ల బేకింగ్ పౌడర్ కలిపి రెండుసార్లు జల్లించండి. గుడ్డు బదులు పావు కప్పు గట్టి పెరుగు. కొంచెం బరువుగా వస్తుంది, రుచికి లోటుండదు. మసాలాకి దాల్చినచెక్క, జాజికాయ, లవంగం పొడి, చిటికెడు ధనియాల పొడి. ఇక్కడ డబ్బాల్లో అమ్మే మిక్స్‌డ్ స్పైస్‌లోనూ ధనియాలుంటాయి. టూటీ ఫ్రూటీ మాత్రం వద్దండి. అది పంచదార పాకం పట్టిన బొప్పాయి కాయ, టీని పీల్చుకోదు. కిస్మిస్, ఎండు నల్ల ద్రాక్ష సగం సగం వేయండి.

డబ్లిన్ నుంచి:
చాలా థాంక్స్ అక్కా, ఈ రాత్రే నానబెడతాను. ఇంకొకటి, లోపల ఉంగరం పెడతారు కదా, పిండిలోనే వేసెయ్యాలా?

కార్క్ నుంచి:
వద్దు. కాల్చి చల్లార్చాక, బేకింగ్ పేపర్‌లో చుట్టి అడుగు నుంచి చిన్న గాటు పెట్టి దూర్చు. కోసేముందే లోపల ఉంగరం ఉందని అందరికీ చెప్పు, చిన్నపిల్లలుంటే అసలు పెట్టకు. ఉంగరం ఎవరికొస్తే వాళ్లకి ఏడాదిలో పెళ్లని, నాణెం వస్తే డబ్బని అంటారు. పూర్వం గుడ్డపీలిక కూడా పెట్టేవారు, అది వస్తే పేదరికమని. నేను ఉంగరం, నాణెం పెడతాను కానీ పీలిక పెట్టను. మనం చేసి పెట్టినదాంట్లో ఎవరికీ ఆ ముక్క రాకూడదు.