యూదుల మీద ద్వేషానికి వడ్డీ వ్యాపారమే కారణమా?

కృష్ణాతీరం:
1290లో ఇంగ్లండ్, 1306లో ఫ్రాన్స్, 1492లో స్పెయిన్ యూదులను వెళ్లగొట్టాయి. ఒక్క రాజుకు కోపం వచ్చిందంటే సరే, ఇన్ని దేశాలు అదే పని చేశాయంటే? నిప్పు లేనిదే పొగ రాదు. అధిక వడ్డీలతో జనాన్ని పీడించడం వల్లే ద్వేషం పుట్టిందని నా అభిప్రాయం. మన పల్లెల్లో వడ్డీ వ్యాపారి మీద రైతుకు ఉండే కోపం లాంటిదే కదా ఇది.

పాతపుటలు:
ఇంగ్లండ్ ఒక్కటే తీసుకుందాం, కృష్ణాతీరం గారూ. 1066లో నార్మన్లు గెలిచాక యూదులు అక్కడికి వెళ్లి స్థిరపడ్డారు. చాలా వృత్తుల్లోకి వాళ్లను రానివ్వలేదు. చట్టం దృష్టిలో వాళ్లు రాజుగారి సొత్తు. వాళ్లు అప్పులివ్వడం రాజుకు కావాలి, ఎందుకంటే ఆ లాభాన్ని ఎప్పుడంటే అప్పుడు పన్నుగా గుంజుకోవచ్చు. లింకన్ ఊరి ఆరన్ అనే పెద్ద వ్యాపారి 1186లో చనిపోతే ఆస్తి మొత్తం రాజు తీసుకున్నాడు. ఆయనకు రావలసిన బాకీల వసూలుకు ఖజానాలో ప్రత్యేక విభాగమే పెట్టారు. బాకీదారుడి తిట్లు యూదుడికి, డబ్బు రాజుకు.

కృష్ణాతీరం:
అయితే అప్పులే కారణమని మీరూ ఒప్పుకున్నట్టే కదా? 1190లో యార్క్‌లో కోటలో తలదాచుకున్న యూదులు సుమారు 150 మంది చనిపోయారు. ఆ వెంటనే గుంపు పెద్ద చర్చికి వెళ్లి, అక్కడ దాచిన అప్పు పత్రాలను తగలబెట్టింది. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

పాతపుటలు:
యార్క్ దాడిని నడిపినవాళ్లలో అప్పుల్లో కూరుకుపోయిన ప్రభువులు ఉన్నారు, నిజమే. వాళ్ల స్వార్థం అది. కానీ గుంపును కదిలించడానికి వాళ్లకు దొరికిన ఆయుధం అంతకుముందు నుంచే ఉంది. 1096లో క్రూసేడ్ (క్రైస్తవ మతయుద్ధం) గుంపులు జర్మనీలోని స్పేయర్, వోర్మ్స్, మైంజ్ నగరాల్లో యూదులను చంపుతూ అడిగింది బాప్తిస్మం తీసుకోమని, బాకీ రద్దు చేయమని కాదు. 1144లో ఇంగ్లండ్ పట్టణం నార్విచ్‌లో ఒక బాలుడు చనిపోతే యూదులే చంపారని తర్వాత కట్టుకథ అల్లారు. అందులో మోపిన నేరం బాలహత్య, వడ్డీ కాదు.

ఇంకో మాట. 1275లో ఎడ్వర్డ్ రాజు యూదులు వడ్డీకి ఇవ్వడాన్ని నిషేధించాడు. మీ లెక్క ప్రకారం అక్కడితో కోపం చల్లారాలి. నాలుగేళ్లు తిరక్కుండానే వెండి కోసం నాణేల అంచులు కోశారనే ఆరోపణతో వందల మంది యూదులను ఉరి తీశారు. 1290లో మిగిలినవాళ్లందరినీ వెళ్లగొట్టారు, బదులుగా పార్లమెంటు రాజుకు భారీ పన్ను మంజూరు చేసింది. ఆ తర్వాత ఇటలీ వ్యాపారులు అప్పులిచ్చారు. వాళ్లనూ తిట్టారు, అయినా పిల్లలను బలిస్తారని ఎవరూ అనలేదు. యూదులు లేని ఇంగ్లండ్‌లో నూరేళ్ల తర్వాత కూడా ఆంగ్ల కవి ఛాసర్ అదే బాలహత్య కథ రాశాడు. ఎదురుగా ఒక్క యూదుడూ లేనప్పుడు ఆ ద్వేషం ఎవరి వడ్డీ వల్ల బతికింది? పీడితుల్లోనే కారణం వెతికే మీ పద్ధతి నాకు బాధ కలిగిస్తోంది.

వేకువ:
పాతపుటలు గారూ, వడ్డీ వాదం నిలవదని నేనూ అంటాను. అయితే మతం ఒక్కటే అంటే స్పెయిన్‌ను వివరించలేం. 1391 ఊచకోతల్లో వేలమంది మతం మారారు. అయినా 1449లో టొలెడోలో యూదుల సంతతి క్రైస్తవులు పదవుల్లో ఉండకూడదని శాసనం చేశారు. బాప్తిస్మం సరిపోలేదు, రక్తం వెతికారు.

మరోవైపు కొచ్చి చూడండి. అక్కడ యూదులు వ్యాపారులే. సుమారు 1000లో యూదుల నాయకుడు జోసఫ్ రబ్బాన్‌కు చేర రాజు భాస్కర రవివర్మ రాగిరేకుల మీద హక్కులు రాసిచ్చాడు. పరదేశి సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) 1568లో కట్టారు. 1662లో దాని మీద దాడి చేసింది పోర్చుగీసువాళ్లు, స్థానికులు కాదు. వ్యాపారం రెండు చోట్లా ఉంది. తేడా పాలకులూ మతపెద్దలూ జనానికి ఏం నూరిపోశారన్న దగ్గర ఉంది. కృష్ణాతీరం గారు ఇన్ని దేశాలు అన్నారు కదా, ఈ దేశాన్ని ఆ లెక్కలో ఎక్కడ పెడతారు?