అప్‌డేట్: ప్రార్థన రావట్లేదని అడిగింది నేనే (అనంతపురం)

వేరుశనగ ఎండిపోయి, నాన్న మంచం పట్టాక ప్రార్థన నోట రావట్లేదు, చర్చి మానేయాలా అని అడిగాను. జవాబిచ్చిన అందరికీ వందనాలు.

మానలేదు. 'విశ్వాసం తక్కువ' అన్న మాటలు పక్కన పెట్టేశాను, వాటితో టెన్షన్ పెరగడమే తప్ప లాభం లేదు. ఒక అక్క 88వ కీర్తన చదవమన్నారు. 18 వచనాలు, ఆఖరి మాట కూడా చీకటి గురించే. అయినా మొర పెట్టేది దేవుడికే. అలాంటిది బైబిల్లోనే ఉందంటే నా మూలుగూ ప్రార్థనేనేమో! యేసు శిష్యుడు తోమా కూడా, ఆయన చనిపోయి తిరిగి లేచాడంటే నమ్మనని తెగేసి చెప్పి, ఎనిమిది రోజుల తర్వాత మిగతా శిష్యులతోనే ఉన్నాడు కదా (యోహాను 20).

ఆదివారం వెనక బెంచీలో కూర్చుంటున్నాను, పాటలు మాత్రం పాడను. పాస్టరయ్యకు అనుమానాలన్నీ చెప్పాను, కసురుకోలేదు. నాన్నకు పెద్దగా మార్పు లేదు. అప్పూ అలాగే ఉంది. పంట బీమా సంగతి తెలిసినవాళ్లుంటే చెప్పండి.