బేస్‌మట్టం లేపాలా, నీళ్ళు పోయే దారికి ఖర్చు పెట్టాలా?

కొత్త పునాది (కర్నూలు):
అందరికీ నమస్కారం. కర్నూలు ఊరి చివర కొత్త లేఅవుట్లో మాకు 3 సెంట్ల స్థలం ఉంది. వీధి వైపు 30 అడుగులు, లోపలికి 43 అడుగులు, నేల నల్లరేగడి. మా వీధికి ఇంకా మురుగు కాలువ రాలేదు. మా గేటు పడే చోటి నుంచి 60 అడుగుల దూరంలో, మలుపు దగ్గర సిమెంటు కాలువ ఉంది. బేల్దారి మేస్త్రీ బేస్‌మట్టాన్ని, అంటే ఇంటి నేల ఎత్తును, రోడ్డు మీద 4 అడుగులు లేపమంటున్నారు. మా నాన్నగారు 2 అడుగులు చాలనీ, మిగిలిన డబ్బు మురుగు గొట్టాలకూ సెప్టిక్ ట్యాంకుకూ పెట్టమనీ అంటున్నారు. రెండూ చేసే స్తోమత మాకు లేదు. ఇల్లు కట్టించి అనుభవం గడించినవారు చెప్పగలరా?

ఎర్రనేల (అనంతపురం):
ఎత్తు విషయంలో వెనుకాడవద్దని నా గట్టి అభిప్రాయం. మా నాన్నగారు ఇల్లు కట్టినప్పుడు రోడ్డు మీద అడుగున్నర లేపి, వాన ఎరగని సీమలో ఇంతకంటే ఎందుకనుకున్నారు. ఆ తర్వాత పాత రోడ్డును తవ్వకుండానే దాని మీద రెండుసార్లు సిమెంటు రోడ్డు వేశారు. ఇప్పుడు మా గడపకూ రోడ్డుకూ మధ్య జానెడు ఎత్తు కూడా లేదు. 2022 అక్టోబరులో నడిమి వంక అనే వాగు పొంగి కాలనీలు మునిగినప్పుడు మా ఇంట్లో బియ్యం మూటలు మంచాల మీదికి ఎక్కించి, రాత్రంతా చెంబులతో నీళ్ళు ఎత్తిపోశాము. గొట్టాన్ని ఎప్పుడైనా తవ్వి మార్చుకోవచ్చు, కట్టిన ఇంటిని మళ్ళీ లేపలేము. మేస్త్రీ చెప్పిన 4 అడుగులే సరైనవి.

నాపరాయి (కడప జిల్లా):
పై మిత్రుల బాధ నాకు అర్థమవుతుంది, రోడ్లు పెరుగుతాయన్న మాటా నిజమే. అయినా, 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కర్నూలును ముంచినప్పుడు పల్లపు పేటల్లో నీళ్ళు గుమ్మాల ఎత్తు దాటిపోయాయి. అంతటి వరదకు 4 అడుగుల బేస్‌మట్టం అడ్డు నిలవదు. ఏటా వచ్చే వానకూ రోజూ వాడే నీళ్ళకూ ఎంత ఎత్తు కావాలో లెక్క కట్టి తేల్చుకోవాలి కానీ, అందాజుగా చెప్పిన అంకెకు డబ్బు పోయకూడదు.

మీ లెక్కనే చూద్దాం. నాలుగంగుళాల గొట్టానికి ప్రతి 40 అడుగులకు ఒక అడుగు వాటం (వాలు) ఇస్తే నీళ్ళు నిలవకుండా పోతాయి. స్నానాల గది వెనక మూలన పెడితే కాలువ దాకా సుమారు 100 అడుగుల దూరం, అంటే రెండున్నర అడుగుల వాటం కావాలి. గదిలో ట్రాపు (నీళ్ళు నిలిపి కంపును ఆపే వంపు) కోసం నేలమట్టం కింద మరో అడుగు పోతుంది. వానాకాలంలో కాలువలో కొంత మేర నీళ్ళు పారుతున్నా అవి వెనక్కి తన్నకుండా, గొట్టం మూతి కాలువ అడుగుభాగం కంటే ఎత్తులో ఉండాలి. మూతి రోడ్డు కంటే అడుగు కిందికి కలిసే వీలుంటే ఇంటి నేల రోడ్డు మీద రెండున్నర అడుగులు ఉండాలని తేలుతుంది. అదే స్నానాల గదిని 30 అడుగులు ముందుకు జరిపితే ముప్పావు అడుగు, అంటే 9 అంగుళాల ఎత్తు ఆదా అవుతుంది. 800 చదరపు అడుగుల ఇంటికి ఆ 9 అంగుళాలే 600 ఘనపుటడుగుల గరుసు, అంటే 6 యూనిట్లు, చుట్టూ రాతికట్టు దానికి అదనం. రెండున్నర నుంచి 4 అడుగులకు పోతే మరో 12 యూనిట్లు కావాలి; దిమ్మిస చేస్తే గరుసు అణుగుతుంది కాబట్టి ఇంకొంచెం ఎక్కువే తోలించాలి. 4 అడుగుల మీదికి బండి ఎక్కించే వాలు కడితే అది మీ గేటు దాటి, రేపు కాలువ రావలసిన చోటును ఆక్రమిస్తుంది.

నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. నేను నా ఇల్లు కట్టించినప్పుడు వెనక గోడకు నాలుగడుగుల దూరంలో ఇంకుడు గుంత తవ్వించి, సెప్టిక్ ట్యాంకు నీళ్ళు దానిలోకి వదిలాను. రేగడి నీళ్ళను తాగదు. రెండో వానాకాలానికే గుంత నిండి, ఆ తేమ పునాది పక్కకు చేరింది. వేసవిలో వంటింటి మూలన కిటికీ కింది నుంచి నేల దాకా చిటికెన వేలు దూరేంత బీట కనిపించింది. అగ్గిపుల్ల గుచ్చితే పూర్తిగా లోపలికి పోయింది. బేస్‌మట్టం మూడున్నర అడుగులున్నా ఆ గోడకు మేలు జరగలేదు. అందుకే ఇంటి చుట్టూ మూడడుగుల వెడల్పున నాపరాళ్ళు పరిచి, సందులు సిమెంటుతో మూసి, బయటికి వాటం ఇవ్వండి. 1,000 చదరపు అడుగుల మిద్దె మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 4,600 లీటర్ల నీళ్ళు దిగుతాయి. అవి గోడ మొదట్లో పడకుండా గొట్టంతో దూరంగా వదలండి. పునాది తవ్విన రేగడిని మళ్ళీ బేస్‌మట్టంలో నింపనివ్వవద్దు.

ఎర్రనేల (అనంతపురం):
మీ లెక్కను ఒప్పుకుంటున్నాను, ఇంకుడు గుంత విషయంలో ఒక మాట చేర్చాలి. మా ఎర్ర గరుసు నేలలో అది ఏళ్ళ తరబడి చక్కగా పని చేస్తోంది, కాబట్టి దానినే తప్పుపట్టకూడదు. అయితే రోడ్డు పెరిగే భయం నాకు పోలేదు. లెక్కలో వచ్చిన ఎత్తుకు ఇంకో అడుగు కలపడం వృథా ఖర్చు కాదనే ఇప్పటికీ నమ్ముతున్నాను.

నాపరాయి (కడప జిల్లా):
అడుగు కలుపుకోవడం మీద నాకు పేచీ లేదు, లెక్క తర్వాత కలిపితే చాలు. రేగడిలో మాత్రం సెప్టిక్ ట్యాంకు తర్వాత కంకర నింపిన వడపోత గది కట్టి, ఆ నీళ్ళనే కాలువకు వదలడం మేలు. అయిదుగురి ఇంటికి ట్యాంకు మీటరున్నర పొడవు, ముప్పావు మీటరు వెడల్పు, మీటరు నీటి లోతు ఉంటే సరిపోతుంది. గొట్టం మలుపు తిరిగే ప్రతి చోటా ఛాంబరు (మూత తీసి శుభ్రం చేసుకునే తొట్టి) పెట్టించండి. లేకపోతే గొట్టం పూడిన నాడు బండలు పగలగొట్టాలి.

కొత్త పునాది (కర్నూలు):
ఈ ఉదయం నాన్నగారూ నేనూ నీళ్ళు నింపిన ట్యూబుతో మట్టం చూశాము. కాలువ అడుగుభాగం మా గేటు దగ్గరి రోడ్డు కంటే రెండడుగులు కిందికి ఉంది కాబట్టి గొట్టం మూతిని ఒక అడుగు కిందికి కలపవచ్చు. స్నానాల గదిని ముందుకు జరిపితే లెక్క ప్రకారం 1 అడుగు 9 అంగుళాలు వస్తోంది. దానికి అడుగు కలిపి 2 అడుగుల 9 అంగుళాలకు మేస్త్రీని ఒప్పించాము. ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. మేము బోరు వేయాలనుకున్న మూలకు పక్కింటివారి సెప్టిక్ ట్యాంకు ఆనుకొని ఉంది, వారికి ఇంకుడు గుంత కూడా ఉంది. వాటికీ బోరుకూ మధ్య కనీసం 15 మీటర్ల (సుమారు 49 అడుగుల) దూరం కావాలంటారు, మా స్థలం మొత్తం లోతే 43 అడుగులు. ఎదుటి మూలన వేసినా ఆ దూరం సరిపోతుందో లేదో రేపు టేపుతో కొలిచి ఇక్కడే రాస్తాను.