"పిచ్చి ఆవు రోగం": ఈ పేరు మనకు సరిపోతుందా?

మన భాషా గ్రూపులో ఒక మాట అడుగుదామని రాస్తున్నా. నల్లగొండ దగ్గర మా ఊళ్లో ఆ మధ్య ఒక బర్రెను పిచ్చికుక్క కరిచింది. కొన్నాళ్లకు అది నోట్లోంచి సొంగ కారుస్తూ, కట్టుగుంజను పొడుస్తూ చచ్చిపోయింది. ఆ ఐతారం పెద్దకూర కొట్టు దగ్గర మనిషి లేడు. "పిచ్చి ఆవు రోగమంట, తిన్నోళ్ల మెదడుకు పడుతదంట" అని మా చిన్నాయన. పక్కనున్నాయన ధైర్యం చెప్పాడు: "బాగ ఉడకబెడితే ఏ రోగమైన చస్తది తియ్యే."

ఇద్దరి మాటా తప్పే. రెండు తప్పులూ "పిచ్చి" అనే ఒక్క మాటలోంచే పుట్టాయని నాకు అనిపిస్తోంది. ఇంగ్లిష్‌లో మ్యాడ్ కౌ అన్నారు కదా అని మన పేపర్లు పిచ్చి ఆవు అని దించేశాయి. కానీ మన దగ్గర జంతువు పేరు ముందు పిచ్చి చేరితే అది కరిచే రోగం, అంటే రేబిస్. మా బర్రెకు వచ్చింది అదే. ఇంగ్లిషోళ్లు మ్యాడ్ కౌ అన్నది బీఎస్ఈ అనే రోగాన్ని, 1986లో ఇంగ్లండ్‌లో బయటపడింది. అది వేరు. ఆ ఆవు కరవదు. బెదురుతుంది, వణుకుతుంది, వెనక కాళ్లు తడబడి కూలబడుతుంది. మెదడులో సన్నటి బొక్కలు పడి స్పాంజ్‌లా అవుతుంది.

మన రైతులు పెట్టిన పేర్లు చూడండి: గాలికుంటు, జబ్బవాపు, గొంతువాపు, పొదుగువాపు. గొడ్డు ఒంటి మీద కంటికి కనబడిందే పేరు. ఆ లెక్కన దీన్ని "తూలుడు రోగం" అంటే ఎలా ఉంటుంది?

వనపర్తి నుంచి, పశువైద్యం చదివిన చెల్లె:
పేరు బాగుందన్నా. ఉడకబెట్టే సంగతి మాత్రం ఇంకొంచెం విప్పి చెప్పాలి. రేబిస్‌ది వైరస్, మంట మీద ఉడికితే చస్తుంది. అట్లని రోగమొచ్చిన గొడ్డును కోసుకు తినమని కాదు, కోసేటోడికే ప్రమాదం. తూలుడు రోగానికి కారణం ప్రియాన్, అంటే మడత తప్పిన ఒక ప్రోటీన్. దానికి ప్రాణమే లేదు, ఇక చావడమేంది? కుక్కర్‌లో ఎన్ని విజిల్స్ పెట్టినా పోదు. "చంపడం" అనే క్రియ దానికి అతకదు, భాషా గ్రూపు కాబట్టి చెప్తున్నా.

ఇది ఆవు నుంచి ఆవుకు అంటుకుని పాకింది కూడా కాదు. చచ్చిన పశువుల మాంసం, బొక్కలు పొడి చేసి మళ్లీ పశువులకే దాణాలో కలిపి పెట్టారు. గడ్డి తినేదానికి దాని జాతినే తినబెట్టారన్నమాట. 1988లో ఆ దాణాను బ్రిటన్‌లో ఆపేశారు. రోగం బయటపడటానికి ఏళ్లు పడుతుంది కాబట్టి ఆ తర్వాత కూడా ఆవులు కూలుతూనే ఉన్నాయి, మొత్తం లెక్క లక్షా 80 వేలు దాటింది. మనుషులకు వచ్చే కొత్త రకం సీజేడీ అనే ప్రాణాంతక మెదడు జబ్బుకు దీంతో సంబంధం ఉండొచ్చని అక్కడి ప్రభుత్వం ఒప్పుకున్నది 1996లో. బ్రిటన్‌లో దాంతో పోయినవాళ్లు 178 మంది.

మిర్యాలగూడ సారు:
"తూలుడు" నాకూ నచ్చింది. అయితే పేపర్ల తప్పు ఇంకొకటి ఉంది. బీఫ్ అని కనబడితే చాలు "గోమాంసం" అని రాస్తారు. మన దగ్గర పెద్దకూర అంటే బర్రెదీ కావచ్చు, దున్నదీ కావచ్చు. ఉర్దూలో "బడే కా", "ఛోటే కా" అన్నట్టే మనకు పెద్ద అన్న మాట జంతువు సైజును బట్టి వచ్చింది. గోమాంసం అన్న క్షణంలో రోగం సంగతి పక్కకు పోయి వేరే గొడవ మొదలవుతుంది. పెద్దకూర అనే రాయండి, అందరికీ తెలిసిన మాటే.

దేవరకొండ తమ్ముడు:
అక్కా, ఇంతకీ తినొచ్చా, తినొద్దా? మా ఇంట్లో భేజా, బోటి రెండూ ఇష్టమే. నాకిప్పుడు టెన్షన్ మొదలైంది.

వనపర్తి చెల్లె:
మన దేశంలో ఈ రోగం నమోదు కాలేదు. ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ కూడా మనల్ని రిస్క్ అతి తక్కువ ఉన్న దేశాల్లోనే పెట్టింది. రోగం ఉన్న దేశాల్లో తీసి పారేసేది మెదడు, వెన్నుపాము, కళ్లు, పేగుల్లో కొంత భాగం. నీ భేజా, బోటీ ఆ లిస్టులోవే, అక్కడైతే నీ ప్లేట్‌లోకి వచ్చేవి కావు. ఉత్త కండ, పాలు సమస్య కాదు. నువ్వు భయపడాల్సింది వేరే: పడిపోయిన గొడ్డును, దొమ్మరోగంతో (ఆంత్రాక్స్) చచ్చినదాన్ని అగ్గువకు వస్తుందని కోసి పంచుకుంటారు చూడు, అది. ఆ కూర ముట్టకు.

ఇంకో ముచ్చట. పాపువా న్యూగినీలో ఫోరే అనే తెగవాళ్లకు ఇలాంటిదే ఒక రోగం ఉండేది, చనిపోయిన బంధువులను తినే ఆచారం వల్ల వచ్చింది. దాని పేరు "కురు". వాళ్ల భాషలో వణుకు అని అర్థం. వాళ్లూ కంటికి కనబడిందే పేరు పెట్టుకున్నారు.

మిర్యాలగూడ సారు:
కురు! మన "కూర"కు చుట్టమని ఎవరో ఒకరు రేపు వ్యాసం రాస్తారు, చూస్తుండండి.

మళ్లీ నేను:
పొద్దున చిన్నాయనకు ఈ ముచ్చటంతా చెప్పి, "తూలుడు రోగం" అంటే ఏం సమజైతది అని అడిగాను. కాసేపు ఆలోచించి, "తాళ్లల్లకు పోయి కల్లు పట్టిచ్చిన బర్రె గావొచ్చు" అన్నాడు. "వణుకుడు రోగం" అంటేనే నయమేమో. మీరేమంటారు?