అప్‌డేట్: ఆర్గన్ వెనక సంఘం ఈడ్చుకుంటూ పాడటం తగ్గింది

"చర్చిలో పైప్ ఆర్గన్ కంటే పాడే సంఘం అర బీటు వెనకబడుతోంది, ఎందుకు?" అని ఇక్కడ అడిగాను. మీరు చెప్పినవన్నీ చేసి చూశాను. లోపం వేగంలో లేదు, వేళ్లు ఎత్తడంలో ఉంది.

ఆర్గన్ మీటను ఎంత గట్టిగా నొక్కినా ఒత్తు రాదు. వదిలేదాకా గొట్టం ఒకే బలంతో మోగుతుంది. తాళం తెలిసేది స్వరాల మధ్య నిశ్శబ్దం వల్లే. 1551 నాటి జెనీవా కీర్తన బాణీ 'ఓల్డ్ హండ్రెత్'లో మొదటి రెండు స్వరాలూ ఒకటే. మొదటిదాన్ని సగం నిడివికే ఎత్తేస్తే రెండోది స్పష్టంగా పడుతుంది. మధ్య గొంతులైన ఆల్టో, టెనర్‌లలో మళ్లీ వచ్చిన స్వరాన్ని మాత్రం కలిపి పట్టుకోవాలి. అన్నీ ఎత్తితే పాట ముక్కలైపోతుంది.

పెడల్‌కి (కాళ్లతో నొక్కే మీటలకి) 16 అడుగుల స్టాప్ (ఒక గొట్టాల వరసను మోగించే పిడి; అడుగులు గొట్టం పొడవు, పొడవు పెరిగితే స్వరం కిందికి దిగుతుంది) ఒక్కటే లాగితే బాస్ (అన్నిటికంటే కింది గొంతు) మసకబారుతుంది, 8 అడుగులది కలపండి. బాస్ కాళ్లకి, టెనర్ ఎడమ చేతికి. మాన్యువల్‌లో (చేతి మీటల వరసలో) ప్రిన్సిపల్ అనే ప్రధాన నాదపు స్టాప్‌లు, 8, 4 అడుగులవి. ట్రెమ్యులెంట్ (స్వరాన్ని వణికించేది) అస్సలు వద్దు.

చరణాల మధ్య ఎప్పుడూ రెండే బీట్లు. ఒకసారి రెండు, ఇంకోసారి మూడు అయితే ఎవరూ ధైర్యంగా అందుకోరు.

వెనక బెంచీల ఆలస్యం పూర్తిగా పోదు: 34 మీటర్లకు శబ్దం సెకనులో పదోవంతు తీసుకుంటుంది. వాళ్ల కోసం ఆగితే పాట మళ్లీ ఈడ్చుకుపోతుంది.