లాగరిథమ్‌కి సంవర్గమానం అనే పేరు ఎలా వచ్చింది?

మా అమ్మాయి పదో తరగతి. "ఆధారం 2 అయితే 8కి సంవర్గమానం 3, సరే. అసలు ఈ పేరేంటి నాన్నా?" అంది. దొరికిపోయాను.

ఇంగ్లిష్ పేరు సంగతి తెలుసు. స్కాట్లండ్‌కు చెందిన జాన్ నేపియర్ మొదట వీటిని కృత్రిమ సంఖ్యలు అన్నాడు. తర్వాత గ్రీకులో నిష్పత్తికి వాడే లోగోస్, సంఖ్యకు వాడే అరిథ్మోస్ కలిపి కొత్త మాట కట్టి, 1614లో పుస్తకం వేశాడు.

నా చిక్కంతా మన మాటతోనే. ఆర్యభటీయంలో సంవర్గమంటే గుణకారం. లాగరిథమ్ చేసేదేమో గుణకారాన్ని కూడికగా మార్చడం! మరి ఆ పేరే ఎందుకు? మానం అంటే కొలత కాబట్టి, మూడు రెండ్లను ఒకదానితో ఒకటి (2×2×2) గుణిస్తే 8 వస్తుంది, ఆ 'మూడే' కొలత అని పాపకి చెప్పేశాను. కరెక్టేనా? పాత తెలుగు లెక్కల పుస్తకాలు చూసినవాళ్లు, ఈ మాట మొదట ఎవరు వాడారో కాస్త చెప్పండి.