వానాకాలంలో ప్రైమర్ పొడి రాలుతోంది, పాంథర్ ట్యాంకు బొమ్మ మీద చారలు కుదరట్లేదు

విజీనారం_ట్యాంకు:
అన్నలూ, వార్‌గేమ్ (బల్ల మీద బొమ్మలతో ఆడే యుద్ధం ఆట) కోసం 1/72 పాంథర్ కడుతున్నా, అదే రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ ట్యాంకు, అసలుకి 72వ వంతు సైజులో. కిట్‌లో పక్క కవచాలు విరిగి వచ్చాయి. కూల్‌డ్రింక్ టిన్ను కత్తిరించి కొత్తవి చేశా. వేలు తెగింది గానీ బాగా కుదిరాయి. నిన్న వాన వెలిసిందని మేడ మీద స్ప్రే ప్రైమర్ (అసలు రంగు కంటే ముందు వేసే పూత) కొట్టా. ఆరాక చూస్తే అచ్చం బూడిదగుమ్మడికాయ! గోరుతో గీకితే పొడి. ఇంకోటి, పసుపు మీద ఆకుపచ్చ, ఎర్రమట్టి చారలు వేస్తే అంచులు ముగ్గు గీసినట్టొస్తున్నాయి. రంగు సన్నగా చిమ్మే ఎయిర్‌బ్రష్ లేదు.

నాగావళి_ఒడ్డు:
ఏటి బావూ, వాన వెలిసిన గంటకే కొట్టీసినావా? గాల్లో తేమకి అలాగే అవుద్ది. పాత టూత్‌బ్రష్‌తో దులిపీసి, ఎండ కాసిన రోజు పల్చగా ఇంకో కోటు ఇయ్యి. జానెడు దూరం దాటనీకు, రంగు దారిలోనే ఆరిపోద్ది. జూలై వస్తే నేనయితే ప్రైమర్ కూడా బ్రష్‌తోనే.

పాత_పెయింటర్:
గిన్నెలు తోమే స్పాంజి చిన్న ముక్క తుంచి, రంగులో ముంచి, కాగితం మీద దాదాపు అంతా ఒత్తేసి, అప్పుడు చార అంచున అద్దండి. కొలతలు పెట్టుకోకండి. 1943 ఫిబ్రవరి నుంచి జర్మన్ ట్యాంకులకు ముదురు పసుపే అసలు రంగు. మిగతా రెండూ ముద్దగా డబ్బాల్లో ఇస్తే, సిబ్బందే నీళ్లో పెట్రోలో కలిపి పూసుకునేవారు. ఏ రెండు ట్యాంకులూ ఒకేలా ఉండవు. 1944లో వచ్చిన చుక్కల పద్ధతి జోలికి మాత్రం ఈ సైజులో పోకండి. నాది సగంలోనే అటకెక్కింది.

విజీనారం_ట్యాంకు:
స్పాంజి అదిరింది గురూగారూ. అమ్మ పొద్దుట్నుంచి గిన్నెల దగ్గర అదే వెతుకుతోంది.